ప్రారంభోత్సవ బాధితుడి విన్నపం

మనిషి తీర్చుకోవలసిన ఋణాలు మూడని పెద్దలు చెప్పారు: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. ఇంట్లో టీవీ ఉన్న గృహస్థుకు నాలుగేళ్ళకోసారి నాలుగోది కూడా తగులుకుంటుంది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని ఇంటిల్లిపాదితో కూర్చుని, మొదటినుంచి చివరిదాకా, ఆవులించకుండా చూడడమే ఆ ఋణం. 2024 జూలై 26 రాత్రి ప్యారిస్ నగరం దాన్ని నా దగ్గర వడ్డీతో సహా వసూలు చేసింది. నా అభ్యంతరాలను వరుసగా, సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొదటిది వేళ గురించి. అక్కడ సాయంత్రం ఏడున్నర, మనకు రాత్రి పదకొండు. పోనీ గంటలో తేల్చారా అంటే, దాదాపు నాలుగు గంటలు లాగారు. ప్యారిస్‌వాళ్ళకు అర్ధరాత్రి దాటకుండానే పని అయిపోయింది. మనకేమో కోడి కూసే వేళ దగ్గరపడింది. 2021లో టోక్యోవాళ్ళు ఇదే వేడుకను మనకు సాయంత్రం నాలుగున్నరకు, చక్కగా టీ వేళకు మొదలుపెట్టారు. తూర్పువాళ్ళకున్న మర్యాద పడమటివాళ్ళకేదీ?

రెండోది స్థలం గురించి. వేసవి ఒలింపిక్స్ చరిత్రలో తొలిసారి ఈ తంతును స్టేడియం బయటికి తెచ్చి, సేన్ నదిలో పడవలెక్కించారు. ఆస్టర్‌లిట్జ్ వంతెన నుంచి ఈఫిల్ టవర్ ఎదుట ట్రోకడేరో దాకా ఆరు కిలోమీటర్లు. స్టేడియంలో అయితే జట్లు ఒకదాని వెనక ఒకటి నడిచొస్తాయి. మనవాళ్ళెప్పుడొస్తారో లెక్కేసుకుని ఈలోగా ఒక కునుకు తీయవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యమూ లేదు. కాసేపు పడవ, కాసేపు పాట, కాసేపు మేడల మీద జ్యోతి పట్టుకుని ముసుగు మనిషి పరుగు, మళ్ళీ పడవ. గ్రీసు ముందు, ఆతిథ్యమిచ్చే దేశం ఆఖరు అన్నది ఆనవాయితీ. నడిమి వరుస చాలామటుకు ఫ్రెంచి అక్షరక్రమం కావడంతో జర్మనీ, దక్షిణాఫ్రికా మొదట్లోనే వచ్చేశాయి. అక్కడితో మా అబ్బాయి లెక్క తప్పింది. "మనది దగ్గర్లోనే నాన్నా" అన్న వాడి మాట నమ్మి నేను మంచినీళ్ళకు కూడా లేవలేదు.

మూడోది వాన. నదీమతల్లి ఒడిలో వేడుక పెట్టుకుంటే వరుణదేవుడు పిలవకుండానే వచ్చాడు. పలచని ప్లాస్టిక్ తొడుగుల్లో ప్రపంచ ప్రముఖులంతా ముద్దయిపోయారు. అలెగ్జాండర్ కాంటొరో అనే పియానో విద్వాంసుడు జోరువానలో కూర్చుని రావెల్ రచన ఒకటి వాయించాడు. దాని పేరే నీటి ఆటలు! పియానో మీద నీళ్ళు నిలిచిపోతుంటే మా ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది. "ఏమండీ, కాస్త పైన ఏదన్నా కప్పమనండి!" అంది. ఎవరితో అనాలో నాకు తోచలేదు.

నాలుగోది శకునం. నలుగురినీ పిలిచి శుభమా అని ఆటలు మొదలెడుతూ, తల లేని రాణిగారిని కిటికీలో నిలబెట్టి పాడిస్తారా? ఆవిడ మరీ ఆంత్వానెత్. ఆ భవనం 1793లో శిరచ్ఛేదానికి ముందు ఆవిణ్ణి బంధించిన కాన్సియెర్జెరీ. చరిత్ర గొప్పదే, కాదనను. కానీ అర్ధరాత్రి వేళ దాన్ని మా అమ్మకు వివరించవలసిన భారం ఎవరి మీద పడింది? ఆ తర్వాత పళ్ళూ పూల మధ్య ఒళ్ళంతా నీలం పూసుకున్న ఆసామీ ఒకడు ప్రత్యక్షమయ్యాడు. అమ్మ అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి, కళ్ళజోడు సరిచేసుకుని, పరీక్షగా చూసి, చేతులు దించేసింది. "ఒరే, ఇంతకీ ఆటలెప్పుడురా?" అంది. ఆ రాత్రి మా ఇంట్లో వినబడిన అర్థవంతమైన ప్రశ్న అదొక్కటే.

ఎట్టకేలకు మన పడవ వచ్చింది. ముందు పి.వి. సింధు, శరత్ కమల్ జెండా పట్టుకుని ఉన్నారు. సరిగ్గా అప్పుడే మా టీవీలో బొమ్మ బిగుసుకుపోయి, మధ్యలో సున్నా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పెళ్ళిలో తాళి కట్టే క్షణానికి వీడియోవాడి వీపు అడ్డమొచ్చినట్టు! బొమ్మ కదిలేసరికి తెర మీద ఇంకెవరో నాట్యమాడుతున్నారు. మర్నాడు ఫొటోల్లో చూసిన మా ఆవిడ మాత్రం మన జట్టు అమ్మాయిలు కట్టిన చీర దగ్గరే ఆగిపోయింది. ఇక్కత్ అంటే నూలుకు ముందే ముడులేసి, రంగులద్ది, ఆపైన మగ్గం మీద నేసేది. ఇది గుడ్డ మీద అచ్చేసిన ఇక్కత్. "పోచంపల్లి ఉన్న దేశం వాళ్ళమండీ మనం!" అంది. దేశమంతా అదే గోల పెట్టిందని తర్వాత తెలిసింది.

ఇన్ని వేల మంది పూనుకుని చేసిన వేడుకలో ఒలింపిక్ జెండాను తలకిందులుగా ఎగరేశారు. దక్షిణ కొరియావాళ్ళను ఉత్తర కొరియా అని పిలిచి, ఆనక క్షమాపణ చెప్పుకున్నారు. ఆఖరున ఫ్రెంచి క్రీడాకారులు మరీ జోసె పెరెక్, టెడ్డీ రినేర్ వెలిగించిన జ్యోతి బెలూనుతో పాటు ఆకాశానికి లేచింది. చూడముచ్చటగానే ఉంది. తీరా అది నిప్పు కాదట, కరెంటు దీపాలూ నీటి తుంపరలూనట. నిజం నిప్పులాంటిదంటారు గానీ, ఇక్కడ నిప్పే నిజం కాదు! జబ్బుతో పోరాడి వచ్చిన సెలీన్ డియాన్ ఈఫిల్ టవర్ మీద నిలబడి పాడినప్పుడు మాత్రం ఏ వంకా దొరకలేదు. దొరకకపోవడాన్ని కూడా ఫిర్యాదుగానే నమోదు చేసుకోగలరు.

ఇక అసలు సంగతి. 117 మంది భారత జట్టులో అమలాపురం సాత్విక్ సాయిరాజ్, నిజామాబాద్ నిఖత్ జరీన్, విశాఖ జ్యోతి యర్రాజి, తణుకు జ్యోతికశ్రీ, విజయవాడ ధీరజ్ ఉన్నారు. వీళ్ళలో పడవెక్కిందెవరో, ఎక్కనిదెవరో మాకు తెలియలేదు. మర్నాడే పోటీ ఉన్నవాళ్ళు ఇలాంటి వేడుకలకు దూరంగా ఉండడం మామూలే. ఆడేవాళ్ళు హాయిగా పడుకుంటే చూసేవాణ్ణి నేను మేలుకోవడం ఏ న్యాయం? పాటగాళ్ళ పేర్లన్నీ చెబుతారు. ఎవరి కోసం పండగో వాళ్ళ పేర్లు చెప్పడానికి మాత్రం సమయం చాలదు. అయ్యా, నిర్వాహకులారా, కాసేపు నాట్యం తగ్గించి ఆటగాళ్ళ మొహాలు చూపించండి. వాళ్ళ ఊళ్ళ పేర్లు చెప్పండి. అందుకైతే తెల్లవార్లూ మేలుకుంటాను.

2028లో లాస్ ఏంజెలెస్‌వాళ్ళు ఈ వేడుకను ఏకంగా రెండు స్టేడియాల్లో చేస్తామంటున్నారు. అక్కడ జూలై 14. సాయంత్రం మొదలుపెడితే మనకు 15వ తేదీ, శనివారం ఉదయం. ఆ పూట నన్ను పాలకూ, కూరలకూ పంపకూడదని ఇంటివారందరికీ ఇందుమూలంగా ముందే తెలియజేసుకుంటున్నాను.