ఉచిత సలహా

పట్టణ నిరాశ్రయుల కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు ధర్మాసనం 2025 ఫిబ్రవరిలో, ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అని అడిగింది. ‘మా పన్ను డబ్బులతో వాళ్లకు షెల్టర్లా?’ అనే పెద్దమనుషుల గొంతుకు దాంతో కొత్త బలమొచ్చింది. ఫ్లైఓవర్ కింద అట్టముక్క పరుచుకున్న మనిషి పన్ను కట్టడనేగా వీళ్ల దిగులు? ఆయన టీలో ముంచుకునే బిస్కెట్ మీద 2025 సెప్టెంబరు దాకా జీఎస్టీ 18 శాతం, ఆ తర్వాత 5. బీడీ మీద 2026 జనవరి దాకా 28, ఆపైన 18. రిటర్ను వేయడు, రీఫండు అడగడు, మినహాయింపులు వెతకడానికి ఆడిటర్ని పెట్టుకోడు. ఇంత బుద్ధిమంతుడైన పన్నుదారు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు.

ఊరికే ఇస్తే సోమరులవుతారంటారా? 2019లో రాయితీలు కోరని కంపెనీలకు పన్ను 30 నుంచి 22 శాతానికి దించినప్పుడు, ఆ ప్యాకేజీతో ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని కేంద్రమే చెప్పింది. కంపెనీలు సోమరులవుతాయని ఎవరూ బెంగ పడలేదు. దాని పేరు ప్రోత్సాహకం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇల్లులేనివారు 17.7 లక్షలు. వాళ్లలో పట్టణాల్లో ఉన్నవాళ్లకోసం కేంద్ర మార్గదర్శకాలు అడిగింది లక్ష పట్టణ జనాభాకు వందమంది పట్టే ఒక్క షెల్టరు. అందులోనూ నిధులు మింగుతారంటారా? మింగినవాణ్ణి పట్టుకోండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? పనిచేసుకు బతకమనడం న్యాయమే. కానీ పనిలో పెట్టుకునే ముందు అడ్రసు ప్రూఫ్ అడిగే దేశంలో, అడ్రసే లేనివాడికి ఆ సలహా ఇవ్వడం కన్నా చవకైన ఉచితం ఇంకోటి లేదు.