గేరుసంజీవని: ఒక ఆటవెలదికి టీక

మూలం

క్లచ్చు తొక్కి చూడు గర్రుమనెడు దిక్కు
గేరుబాక్సు కాదు కేబులందు
ఇంజనార్పి వేసి యెరుగవలయు ముందు
బాక్సు దించు మాట పక్కనుంచి

అవతారిక. లింగంపేట నుంచి ఎల్లారెడ్డి మీదుగా మెదక్ దాటిపోతే కొల్చారం వస్తుంది. కాళిదాసుకు, భారవికి, మాఘుడికి వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి ఊరు అదే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందుగానే మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు మొదటి మాటకు కట్టుబడగలడు. రెండోది పాత కారున్న వాళ్లెవరికీ చేతకాదు. మూలపద్యం కూడా టీకాకారుడిదే. షెడ్డుల్లో శాస్త్రం పుష్కలంగా ఉంది గాని, ఛందస్సులో ఎవరూ చెప్పడం లేదు.

సందర్భం. బండి మారుతి 800. 1983 చివర్లో మొదటిసారి రోడ్డెక్కి, 2014 మొదట్లో తయారీ ఆగిపోయిన కారు. నంబరు పలక మీద ఏపీ 25 ఉంది, అంటే లింగంపేట ఇంకా నిజామాబాద్ జిల్లాలో ఉన్ననాటిది. 2016లో ఊరు కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పలక ఇంకా రాలేదు. కొన్నాళ్లుగా ఫస్ట్ గేరు బలవంతంగా పడుతోంది, సెకండ్ గర్రుమంటోంది, రివర్స్ వేస్తే బస్టాండులో జనం తిరిగి చూస్తున్నారు. టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుంటే నలుగురిదీ ఒకటే తీర్పు: "బాక్స్ పోయింది." ఆ తీర్పు మీద అప్పీలే ఈ పద్యం.

ప్రతిపదార్థం. క్లచ్చు తొక్కి = ఎడమకాలి పెడల్‌ను అడుగంటా అదిమి; సగం కాదు. చూడు = కంటితో కాదు, చెవితోనూ అరచేతితోనూ. గర్రుమనెడు దిక్కు = ఆ చప్పుడు పుట్టే మూలస్థానం. గేరుబాక్సు కాదు = చప్పుడు వినిపించేది అక్కడే అయినా తప్పు అక్కడిది కాదు. కేబులందు = పెడల్‌కూ క్లచ్‌కూ నడుమ ఉన్న తీగలో. షెడ్డులో దీన్ని క్లచ్ వైరంటారు. ఇంజనార్పి వేసి = బండి బందు పెట్టి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి. మిగతాది సుగమం.

మూడో పాదంలో ఉన్నదంతా పరీక్ష. ఇంజన్ ఆగి ఉండగా అన్ని గేర్లూ మెత్తగా పడి, స్టార్ట్ చేయగానే మొరాయిస్తే బాక్సు నిర్దోషి అనే అనుకోవచ్చు. ఎందుకంటే ఆగిన బండిలో క్లచ్‌కు పని లేదు. స్టార్ట్ చేశాక పెడల్ తొక్కినా క్లచ్ ప్లేట్ పూర్తిగా విడివడకపోతే, ఇంజన్ ఇంకా బాక్సులోని షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది. తిరుగుతున్న పళ్లలోకి ఆగి ఉన్న పళ్లు దూరబోతాయి. అరుపు అదే. వైరు సాగినా, పోగులు తెగినా, పెడల్‌కు ఆట ఎక్కువైనా ఇదే లక్షణం. షాఫ్టు గాళ్లలో తుప్పు పట్టి ప్లేట్ అతుక్కున్నా ఇదే.

ఇంజన్ ఆపినా గేరు బిగుసుకునే ఉంటే దారి వేరు. ముందు బండి కిందికి దూరి గేర్ రాడ్ బుష్షులు చూడాలి. అరిగిన బుష్షుతో చెయ్యి ఒకచోటికి పోతే గేరు ఇంకోచోటికి పోతుంది.

విశేషం: రివర్స్‌ను సాక్షిగా పిలవడం. ఇలాంటి బండ్లలో ముందు గేర్లకు సింక్రో రింగులుంటాయి, రివర్స్‌కు ఉండదు. ఓదార్చే వాళ్లు లేరు కాబట్టి క్లచ్ తప్పును అది మొదట బయటపెడుతుంది. న్యూట్రల్లో పెట్టి క్లచ్ అడుగంటా తొక్కి, ఐదారు సెకన్లు ఆగి అప్పుడు రివర్స్ వేయాలి. ఆగినా గర్రుమంటే క్లచ్ వదలడం లేదని రుజువు.

పూర్వపక్షం. "తప్పు కేబులందే అయితే ఒక్క సెకండే ఎందుకు ఎక్కువ అరుస్తుంది?" శంక గట్టిది, పద్యకర్తకు ఇబ్బందికరమైనది. సింక్రో అనేది గేరు పళ్లు కలిసే లోపు రెండు వేగాలను రాపిడితో ఒకటి చేసే ఇత్తడి రింగు. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకుముందు డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్లో ఆగి, వేగాలు తామే కలుపుకునేవారు. వరి కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. వాటిని తప్పించుకుంటూ పోయే బండికి సెకండ్ గేరు తప్ప వేరే లోకం ఉండదు. ఆ రింగు ముందుగా అరగడంలో వింతేముంది? డబుల్ క్లచ్ తొక్కితే ఆ ఒక్క గేరు నెమ్మదిస్తుందంటే దోషం రింగుదే. అప్పుడు రెండో పాదం తప్పు, టీ కొట్టు ఒప్పు.

పాఠాంతరం. "కేబులందు" అన్నచోట "ఆయిలందు" అని చదివేవారూ ఉన్నారు. యతి చెడుతుంది, బండి మాత్రం బాగుపడవచ్చు. చలికాలం పొద్దున బిగుసుకుని, పది కిలోమీటర్లు పోయాక తేలికపడే గేరుకు ఈ పాఠమే సాధువు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: జీఎల్-4 రాసి ఉన్న ఆయిల్ అడిగే బాక్సులో "ఎక్కువ నంబరు, ఎక్కువ మంచిది" అని జీఎల్-5 పోస్తారు. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందు హెచ్చు. పళ్లకది రక్షే, కాని ఇత్తడి రింగుకు జారుడెక్కువై పట్టు దొరకదు. కొన్ని రకాల మందు ఇత్తడినే కొరుకుతుంది. నంబర్ల మీద మనవాళ్లకున్న భక్తి గేరుబాక్సుకు తెలియదు.

న్యూట్రల్లో హోరుమని, క్లచ్ తొక్కగానే ఆగే చప్పుడు బాక్సులోని బేరింగుది. తొక్కగానే మొదలయ్యేది రిలీజ్ బేరింగుది. పద్యంలో వీటికి చోటు చాలలేదు.

తాత్పర్యం. షెడ్డు వాక్యంలో ఇలా ఉంది: "ముందుగాల బండి బందు వెట్టి గేర్లేసి సూడు సారూ. మంచిగ పడ్తే బాక్స్ జోలికి పోకు." నాలుగు పాదాల అర్థం రెండు ముక్కల్లో వచ్చింది గనుక కవికి కొంత చిన్నతనం.

ఆ మాట ప్రకారమే చేశారు. బందు పెట్టినప్పుడు నాలుగు గేర్లూ వెన్నలా పడ్డాయి. వైరు చూస్తే సగం పోగులు తెగి ఉన్నాయి. కొత్త వైరు వేసి పెడల్ ఆట సరిచేశాక ఫస్ట్ కుదుటపడింది, రివర్స్ నోరు మూసింది. సెకండ్ మాత్రం ఇంకా సన్నగా గొణుగుతోంది. డబుల్ క్లచ్ తొక్కితే మానుకుంటోంది. అంటే పద్యం ముప్పాతిక నిజం, మిగతా పాతిక టీ కొట్టుది. వైరు ఖర్చు వందల్లో పోయింది. రింగు కోసం బాక్సు దించితే వేలల్లో పోతుంది, రింగుతో పాటు లోపల ఇంకేం అరిగిందో అప్పుడే బయటపడుతుంది. యజమాని లెక్క వేసుకుని వడ్లు అమ్మేదాకా ఆగుదామన్నాడు. అంతవరకు సెకండ్‌కు రెండు తొక్కుళ్లు.