వాన్ రాల్టె పాదిరిగారి కాగితముల ఆత్మకథ

మేము కాగితములము. ఆల్బర్టస్ క్రిస్టియాన్ వాన్ రాల్టె అను పాదిరిగారి యింట ముప్పది నలువది యేండ్లపాటు పోగుపడిన ఉత్తరములము, భూమి పత్రములము, పన్ను రసీదులము, ప్రసంగముల చిత్తుప్రతులము. అమెరికా దేశమున, మిషిగన్ రాష్ట్రపు పడమటి అంచున, హాలెండు అను పట్టణమును నెలకొల్పిన మహనీయునిగా లోకము ఆయనను ఎరుగును. ఆ యూరి ఉద్యానవనమున ఆయన విగ్రహమును నిలిపిరి. విగ్రహమును చూచినవారికి ఆయన ఆకారము తెలియును. ఊరిబరువు నెత్తిన బెట్టుకొని, దారి కానక, ఆయన ఏ యే రాత్రుల ఎట్లు కలతపడిరో తెలియగోరువారు మాత్రము మా యొద్దకు రావలెను. ఆ గౌరవము మాకు కలదు. దానివెంట దుఃఖమును కలదు. రెంటిని చెప్పుకొందుము.

మా జన్మమునుగూర్చి చెప్పవలసినది కొంచెమే. మాలో పెద్దవారము గుడ్డపీలికలను నానవేసి, దంచి, పలుచగా పరచి ఆరబెట్టగా పుట్టినవారము. కావుననే యిన్ని తరములు గడచినను మా యొడలు గట్టిగనే యున్నది. మాలో పిన్నలు కొయ్యగుజ్జునుండి పుట్టినవారు. వారు పసుపువన్నెకు తిరిగి, ముట్టుకొన్నంతనే పెళుసులై విరుగుచున్నారు. మాపై వ్రాసిన సిరా మాచికాయల కషాయమున అన్నభేది కలిపి చేసినది. వ్రాసిన నాడు పలుచగా కనబడి, గాలి సోకినకొలది నల్లబడు ఆ సిరాయే మాకు ప్రాణము పోసెను; చెమ్మ తగిలినచోట్ల ఆ సిరాలోని ఆమ్లమే మమ్ము తినివేయుచున్నది. మాలో ఒక పుటను వెలుతురునకెత్తి చూడుడు: కలము గట్టిగా ఒత్తినచోట అక్షరము నడుమ సూదిమొనంత రంధ్రములు పడినవి; అవతలి ప్రక్క వ్రాసిన పంక్తి ఈవలికి గోధుమరంగు నీడగా దిగినది; తపాలా ఖర్చునకు వెరచినవారు, పుట నిండిన పిమ్మట కాగితమును అడ్డముగా త్రిప్పి, పాత పంక్తులమీదుగనే కొత్త పంక్తులు వ్రాసిరి. ఆ అల్లికను విడదీసి చదువుటకు కంటిచూపుతోబాటు ఓర్పును కావలెను.

పాదిరిగారు 1811వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన నెదర్లాండ్సు దేశములోని వన్నెపెర్‌వేన్ గ్రామమున ఒక పాదిరిగారి కుమారుడుగా జనించి, లైడెన్ విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రము చదివిరి. 1832లో ప్రబలిన కలరాను కన్నులార చూచి ఆయన మనస్సు దైవమువైపు గట్టిగా మరలెను. చదువు ముగిసినను, రాజాశ్రయమందున్న సంఘము తన నిబంధనలకెల్ల తలయొగ్గుమని కోరగా ఆయన అంతఃకరణము సమ్మతింపలేదు. సంఘమువారు ఆయనకు ఉద్యోగము నియ్యలేదు. అంతకుముందే, 1834లో, ఊల్రుమ్ గ్రామమున హెండ్రిక్ డి కాక్ అను పాదిరి ఆ సంఘమునుండి వేరుపడియుండెను. 1836లో మా పాదిరిగారు ఆ వేరుపడినవారి నడుమ దీక్ష పొందిరి. నెపోలియను కాలపు శిక్షాస్మృతిని బట్టి, ప్రభుత్వానుమతి లేనిదే ఇరువదిమందికి మించి గుమిగూడరాదు. ఆ నెపమున అధికారులు ఆరాధనకు కూడిన పేదలపై జరిమానాలు వేసిరి, బోధకులను చెరసాలకు పంపిరి. ఇంతలో 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి, దానినే నమ్ముకొని బ్రదుకు కుటుంబములు ఆకలిపాలైనవి.

తెలుగు దేశమునకు వలందావారు, అనగా డచ్చివారు, కొత్తవారు కారు. బందరులోని వలందాపాలెము, భీమునిపట్నములోని వారి సమాధులు నేటికిని ఆ సంగతి చెప్పుచున్నవి. బందరునకు వచ్చినవారు వర్తకమునకై ఓడనెక్కినవారు. మా పాదిరిగారి వెంట నడచినవారు ఆకలిచేతను, అంతఃకరణస్వాతంత్ర్యము కొరకును ఓడనెక్కినవారు. తమ దేశపు వలసరాజ్యమైన జావాకు పోక ఉత్తర అమెరికాకు ఏల పోవలెనో వివరించుచు, పాదిరిగారును ఆయన తోడల్లుడు బ్రమ్మెల్‌కాంప్‌గారును కలిసి 1846లో ఒక చిన్న పొత్తమును ప్రకటించిరి. ఆ యేటి శరత్కాలముననే "సదర్నర్" అను ఓడపై బయలుదేరి, నవంబరు 17వ తేదీన న్యూయార్కు చేరిరి. విస్కాన్సిన్ చేరవలెనని తలచినను, శీతకాలము దారి నడ్డగింపగా డెట్రాయిటున ఆగి, విచారించి, మిషిగన్ పడమటి అడవులను ఎన్నుకొనిరి. 1847 ఫిబ్రవరి 9వ తేదీన, మంచు కప్పిన నల్లచెరువు అను సరస్సు తీరమున, హాలెండు పుట్టినది. ఆయన మిత్రుడైన షోల్టెగారు అదే సంవత్సరమున అయోవా రాష్ట్రమున పెల్లా అను మరియొక వలందా పట్టణమును స్థాపించిరి.

ఆ మొదటి వేసవినిగూర్చి మేము మాటలాడుట కష్టము. బురదనేల, చాలీచాలని గుడిసెలు, చలిజ్వరము, మశూచికము, విరేచనములు — ఒక్కొక్క గుడిసెలో పిల్లలను మిగిల్చి తలిదండ్రులు పోయిరి. అనాథలకొక యిల్లు కట్టవలసి వచ్చినది. పాదిరిగారే మందులు పంచిరి, పాదిరిగారే పాతిపెట్టిరి, పాదిరిగారే ఆదివారము లేచి బోధించిరి. నేల కొనువారు ఆయనయే, పన్ను కట్టువారు ఆయనయే, ప్రభుత్వమునకు అర్జీలు వ్రాయువారు ఆయనయే. మిషిగన్ సరస్సులోనికి ఓడలు పోవుటకు కాలువ కావలెనని ఎన్ని విన్నపములు పంపినను సాయము ఆలస్యము కాగా, తుదకు వలసవారే పలుగును పారయు పట్టిరి. అట్టి శ్రమ యంతయు మా మడతలలో నున్నది. దొడ్డపనులను జనులు చెప్పుకొందురు. మేము ఆ పనుల వెనుకనున్న చిల్లర లెక్కలను మోసితిమి. అదియే మా గర్వము.

ఒక విషయము పలువురెరుగరు. ఒకరు వ్రాసిన ఉత్తరము అందుకొన్నవారి యింట నుండును. వ్రాసినవారి యింట మిగులునవి ఇతరులు వ్రాసినవి. కావున పాదిరిగారి కలమునుండి వెడలిన మా తోబుట్టువులు పలువురు ఎన్నడును మాతో నుండలేదు. కలమజూలోని ధనికుడు డెన్ బ్లైకర్‌గారికి వ్రాసినవి ఆయన యొద్ద చేరినవి. తోడల్లునికి వ్రాసినవి సముద్రము దాటిపోయినవి. ప్రశ్నలు ఒక యూరను, జవాబులు మరియొక యూరను ఉన్న కాగితముల కష్టము చరిత్రకారులకు బాగుగ తెలియును.

మాలో మిక్కిలి ప్రియమైనవి కుమారుల ఉత్తరములు. అమెరికా అంతర్యుద్ధకాలమున బెంజమిన్, డిర్క్ అను ఇద్దరు కుమారులు మిషిగన్ 25వ పదాతిదళమున చేరి దక్షిణమునకు నడచిరి. 1864లో అట్లాంటా సమీపమున డిర్కు కుడిచేయి పోయినది. ఇంటినుండి పోయిన మాటలును, దండునుండి వచ్చిన మాటలును చదువుకొన్నచో, ఊరికంతటికి ధైర్యము చెప్పిన మనుష్యుడు తన పిల్లల విషయమున ఎంత బెంగగొన్న తండ్రియో తెలియును.

పాదిరిగారి జీవితమున ఫలించినవి కలవు, ఫలింపనివియు కలవు. 1850లో ఆయన వలస సంఘములను తూర్పు తీరపు పాత వలందా చర్చితో కలిపిరి. ఆ చర్చికి చెందిన స్కడరు సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనే పిమ్మట మీ మదనపల్లెలోను పనిచేసినది. 1851లో మొదలైన చిన్న పాఠశాల పెరిగి, 1866లో హోప్ కళాశాలగా అధికారపత్రము పొందినది. కాని 1857లో ఆయనవారిలోనే కొందరు ఆ కలయికను ఒప్పక విడిపోయి వేరు సంఘము కట్టుకొనిరి. 1869లో వర్జీనియాలోని అమీలియా కోర్ట్ హౌస్ వద్ద మరియొక వలసను నెలకొల్పబోగా అది నిలువలేదు. వీనినెల్ల మేము సమానముగ దాచితిమి. పొగడ్తకు వచ్చునవి దాచి, నొప్పించునవి విడుచుట మా ధర్మము కాదు. ఆ నల్లచెరువు తీరమున అంతకుముందు ఒడావా అను ఆదివాసి జనులు నివసించియుండిరి; వారు 1849లో ఉత్తరమునకు తరలిపోయిరి. వారి పక్షమున పలుకవలసిన కాగితములు మాలో చాలవు. అదియు నిజమే, చెప్పకుండుట తగదు.

1871వ సంవత్సరము జూను మాసమున పాదిరిగారి భార్య క్రిస్టినాగారు పరలోకగతులైరి. అక్టోబరు 8వ తేది రాత్రి, చికాగో నగరము మండిన ఆ రాత్రియే, వేసవి ఎండకు ఎండిన అడవుల నుండి వచ్చిన అగ్ని హాలెండు పట్టణమును చాలవరకు భస్మము చేసెను. 1856లో కట్టిన స్తంభముల దేవాలయమును, కళాశాలయు, ఊరి తూర్పున నున్న పాదిరిగారి యిల్లును దక్కినవి. ఒక్క రాత్రిలో నలువది యేండ్ల వ్రాత బూడిద కావలసినది, కాలేదు. 1876 నవంబరు 7వ తేదీన పాదిరిగారు కన్నుమూసిరి. అటుపిమ్మట మాకు పట్టిన గతి అగ్నికంటె మెల్లనిది, అగ్నికంటె క్రూరమైనది.

కొందరము అటకలకెక్కితిమి, కొందరము బీరువాల యడుగున పడితిమి, కొందరము బంధువుల యిండ్లకు చెదరిపోతిమి. వేసవిలో కొయ్యకప్పుక్రింద వేగితిమి, చలికాలమున చెమ్మకు ఉబ్బితిమి. ఎలుక మా అంచులను కొరికి గూటికి మోసికొనిపోయెను. త్రుప్పుపట్టిన గుండుసూది మా భుజమున ఎర్రని మచ్చ పెట్టెను. ఇవి జీవజాలమును, లోహమును చేసిన పనులు, వానిని క్షమించితిమి. క్షమింపలేనివి వేరే యున్నవి. అమెరికా ప్రభుత్వమువారు మొట్టమొదట తపాలా బిళ్ళలను అమ్మినది మా యూరు పుట్టిన 1847లోనే. ఆ పాతబిళ్ళలకు వెల వచ్చెనని తెలిసి, ఒకరు కత్తెర పట్టి బిళ్ళతోబాటు మూల నున్న తేదీని, వెనుకవైపునున్న మూడు పంక్తులను కోసికొనిపోయిరి. మరియొకరు మమ్ము ఏళ్ళవారీగా కట్టిన కట్టలు విప్పి, అందమైన చేతివ్రాత నేరి, తక్కినవి కలగాపులగము చేసిరి. ఒకరు ఇల్లు సర్దుచు, "ఈ పాత డచ్చి కాగితములు ఎవరికి కావలెను?" అనిరి.

ఆ ప్రశ్నయే మాకు గాయము. మా భాష వలందాభాష. పాదిరిగారి పిల్లలు దానిని చదివిరి, మనుమలు తడబడిరి, ఆ తరువాతివారికి మేము మూగవారమైతిమి. కరణముగారి మనుమడు తాతగారి కవిలెకట్టల గొలుసుకట్టు వ్రాతను చూచి కాటుకగీతలని త్రోసివేసినట్లు, తమ వంశకర్త వ్రాసిన వ్రాతను ఆ వంశీయులే గుర్తుపట్టలేని దినములు వచ్చినవి. చదువరాని కాగితము చెత్త యని తలచుట మానవులకు సులభము. అది చెత్తయో కాదో తెలిసికొనుటకైనను ముందు దానిని చదువవలెను గదా! పాదిరిగారి యిల్లును తుదకు నిలువలేదు. అగ్నికి దక్కిన ఆ యింటిని 1961లో పడగొట్టిరి.

మాకు ఆయుస్సు పోసినవారును కలరు. 1893లో డాస్కర్‌గారు వలందాభాషలో పాదిరిగారి చరిత్ర వ్రాసిరి. పట్టణపు శతవార్షికోత్సవమైన 1947లో హైమాగారు మరియొక గ్రంథము వెలయించిరి. 1988లో హాలెండున ఉమ్మడి పత్రభాండాగారమును, 1994లో హోప్ కళాశాలలో పాదిరిగారి పేర పరిశోధనసంస్థయు వెలసినవి. మాలో గొప్పభాగము గ్రాండ్ రాపిడ్సులోని కాల్విన్ విద్యాసంస్థయందున్నది. అది 1857లో ఆయననుండి విడిపోయినవారి సంతతి పెంచిన విద్యాలయము. ఆయనతో ఏకీభవింపనివారే ఆయన వ్రాతను భద్రపరచిరి. దానికంటె గొప్ప రాజీ మేము చూడలేదు.

అక్కడివారు గుండుసూదులు ఒక్కొక్కటే తీసి, మడతలను నెమ్మదిగా విప్పి, ఆమ్లము లేని అట్టలనడుమ పరుండబెట్టిరి. మమ్ము అందమునుబట్టి గాక, ఏ యింట, ఏ పనికై, ఏ వరుసలో పుట్టితిమో ఆ వరుసలోనే ఉంచవలెనను సూత్రమును పాటించిరి. ఆ సూత్రమును 1898లో లోకమునకు విశదముగా బోధించినవారు మ్యుల్లర్, ఫైట్, ఫ్రుయిన్ అను ముగ్గురు వలందా పండితులే. మేము విడిచివచ్చిన దేశమే మమ్ము ఎట్లు కాపాడవలెనో చెప్పినది. భాష తెలిసిన వృద్ధులు కూర్చుండి, అడ్డదిడ్డపు పంక్తులను విడదీసి, ఆంగ్లములోనికి మార్చిరి. మూగవారము మరల మాటలాడితిమి.

చదువరులారా, మా కథ దూరదేశపు కథ యని తలపకుడు. మీ అటకలపైనను మావంటివారు కలరు: తాతగారు రంగూనునుండి వ్రాసిన కార్డులు, దక్షిణాఫ్రికాకు కూలికి పోయినవారి జాబులు, దేవాలయపు లెక్కలు, పాఠశాల రిజిస్టర్లు. చదువరాదని వానిని పారవేయకుడు, చదువగలవారిని వెదకుడు. బిళ్ళకై కత్తెర పెట్టకుడు. వరుస చెరుపకుడు. చెమ్మకును, ఎండకును దూరముగ నుంచి, అవి ఎవరివో, ఎక్కడివో ఒక చీటిపై వ్రాసిపెట్టుడు. మీకు వసతి లేనిచో గ్రంథాలయమునకో పత్రభాండాగారమునకో అప్పగింపుడు. ఊరిని స్థాపించినవాడొక్కడే కావచ్చును; ఆ యూరి చరిత్రను నిలుపు భారము మాత్రము అటుపిమ్మట పుట్టిన ప్రతివానిమీదను ఉన్నది.