బుట్టల కంపెనీ నుంచి అబీద్ సెంటర్ దాకా

తీగ బుట్టలు చేసే కంపెనీ ప్రపంచస్థాయి ప్రకటనల సామ్రాజ్యమైందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం. 1985లో మార్టిన్ సోరెల్ అనే ఇంగ్లండు లెక్కల మనిషి వైర్ అండ్ ప్లాస్టిక్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థలో వాటా కొన్నాడు. ఆ సంస్థ సూపర్‌మార్కెట్ బుట్టలు తయారుచేసేది. ఆయన మాత్రం బుట్టలో ఏజెన్సీలు వేసుకోవడం మొదలెట్టాడు. 1987లో జె.వాల్టర్ థాంప్సన్, 1989లో ఓగిల్వీ పడ్డాయి. అదే నేటి డబ్ల్యూపీపీ అనే గ్లోబల్ నెట్‌వర్కు. 1864లో పుట్టిన థాంప్సన్‌ను 2018లో వండర్‌మన్‌తో కలిపారు, 2024కల్లా ఆ జంటను ఇంకో జంటతో కలిపి వీఎంఎల్ అన్నారు. నూట అరవయ్యేళ్ల పేరు గాలికి పోయింది, మూడక్షరాలు మిగిలాయి. జపాను డెంట్సు 2013లో లండన్ ఏజిస్‌ను కొనేసింది. 2025 నవంబరులో ఆమ్నికామ్ సాటి ప్రకటనల సంస్థ ఇంటర్‌పబ్లిక్‌ను మింగి, త్రేనుపు కూడా రాకముందే నాలుగు వేల పైచిలుకు ఉద్యోగాలకు కత్తెర వేస్తామంది. పక్కవాడి దుకాణం కొని, వాడి బోర్డు పీకేసి, ఇద్దరు గుమాస్తాల్లో ఒకణ్ని ఇంటికి పంపి, ‘ఎదిగాం’ అని పత్రికలకు ప్రకటన పంపడమే ఈ రంగంలో ఎదుగుదల.

పెద్దవాళ్లైతే ఖాతాదారుల తరఫున గట్టిగా బేరమాడతారు కదా, అది లాభమే కదా అనేవాళ్లున్నారు. బేరం గట్టిగానే ఉంటుంది, ఎవరి తరఫునో చెప్పడమే కష్టం. మీడియా సంస్థలు ఏజెన్సీలకు చాటున వెనక్కిచ్చే రిబేట్ల గురించి 2016లో అమెరికా ప్రకటనదారుల సంఘమే విచారణ చేయించి, ఆ అలవాటు బాగా పాకిందని నివేదిక వేసింది. మన దేశంలో 2025 మార్చిలో కాంపిటీషన్ కమిషన్ గ్రూప్‌ఎం, డెంట్సు, పబ్లిసిస్, ఇంటర్‌పబ్లిక్ వగైరాల ఆఫీసుల్లో సోదాలు చేసింది. రేట్లు కూడబలుక్కుని పెడుతున్నారన్నది అనుమానం. నేరం రుజువైతే తప్ప ఎవరినీ అనకూడదు. అయితే పోటీదారులంతా ఒకే రోజు ఒకే కారణంతో సోదాకు గురికావడం కూడా ఒక రకం నెట్‌వర్కే.

ఈ గొడవ అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నానికెందుకంటారా? చింతపల్లి నుంచి, కొయ్యూరు నుంచి సరుకులకు కిందికి దిగే జనం ఈ ఊరి అబీద్ సెంటర్‌కు చేరతారు. అక్కడి బట్టల దుకాణం ఒకప్పుడు ఆషాఢం తగ్గింపుకి ఆటోకు మైకు కట్టి తిప్పేది. ఇప్పుడు ఫోన్‌లో డబ్బు కట్టి ‘బూస్ట్’ నొక్కుతుంది, లేదా అది నొక్కడానికి ఓ కుర్రాణ్ని కుదుర్చుకుంటుంది. ఆ కుర్రాడి విజిటింగ్ కార్డు మీద కూడా ‘గ్లోబల్’ ఉంటుందనుకోండి. ఆ డబ్బులో కుర్రాడి వాటా పోగా మిగిలింది గూగుల్‌కో మెటాకో చేరుతుంది. 2024లో గూగుల్ మాతృసంస్థ ఒక్క ప్రకటనల మీదే 26,400 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. అదే ఏడాది ఆమ్నికామ్ మొత్తం ఆదాయం 1,570 కోట్ల డాలర్లు. దాదాపు పదిహేడు రెట్ల తేడా. మహా నెట్‌వర్కులని మనం అనుకునేవి ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మధ్యవర్తులే.

మధ్యవర్తిత్వం మనకు కొత్తకాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో రైతు దిమ్మలు కళ్లెదుటే కాటాకెక్కుతాయి. కమీషను ఎంతో తెలుసు గనక రైతు తిట్టుకుంటూనైనా ఇస్తాడు. ఆన్‌లైన్ ప్రకటనల అంగట్లో మాత్రం కాటా పట్టేదీ, వేలం పాడించేదీ, అమ్మేవాడి పక్కనా కొనేవాడి పక్కనా కూర్చునేదీ ఒక్కరే. ఈ మాట ఏ కమ్యూనిస్టు కరపత్రంలోదో కాదు. ప్రకటనల సర్వర్ల, ఎక్స్ఛేంజీల వ్యాపారంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని 2025 ఏప్రిల్‌లో వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు తేల్చింది.

‘ఎంత గుత్తాధిపత్యమైనా గిరాకీ వస్తోందిగా’ అన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు. కొత్త దుకాణానికి, ఊరవతలి గిరాకీకి ఆన్‌లైన్ ప్రకటన నిజంగానే అక్కరకొస్తుంది. పేరు తెలిసినవాళ్ల సంగతే వేరు. ఆన్‌లైన్ అంగడి ఈబే తన పేరుతో వెతికేవాళ్లకు చూపించే ప్రకటనలు ఆపేసి చూస్తే, వచ్చేవాళ్లు దాదాపు అందరూ డబ్బు కట్టని లింకు మీద నొక్కి మామూలుగానే వచ్చారు; ఆర్థికశాస్త్రవేత్తలు దాన్ని 2015లో పరిశోధనా పత్రంగా అచ్చువేశారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 2017లో ఒక్క త్రైమాసికంలో 10 కోట్ల డాలర్లకు పైగా డిజిటల్ ప్రకటనలు కోసేస్తే అమ్మకాలు కదల్లేదు. అంతెందుకు, లంబసింగిని ‘ఆంధ్రా కశ్మీర్’ చేసి, చలికాలం శని ఆదివారాలు నర్సీపట్నం మీదుగా కార్ల బారులు కట్టించింది ఏ ఏజెన్సీ? మంచు, దాన్ని ఊరికే ఫోన్లో తీసి పెట్టిన కుర్రకారు.

ఉద్యోగాల మాటా ఉంది. గూగుల్ 2004లో, ఫేస్‌బుక్ 2010లో హైదరాబాద్‌లో ఆఫీసులు తెరిచాయి. ప్రకటనదారులకు సాయపడే పని మనవాళ్లకు దొరికింది. కాదనలేం. కానీ ఖాతా చూసేటప్పుడు రెండో పేజీ కూడా తిప్పాలి. విదేశీ కంపెనీలకు పోయే ఆన్‌లైన్ ప్రకటనల సొమ్ము మీద 2016లో వేసిన ఆరు శాతం లెవీని కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేసింది. ఆరు నెలలకు, అక్టోబరులో, విశాఖ ప్రాంతంలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ పెడతామని గూగుల్ ప్రకటించింది. అనుకున్న స్థలాల్లో నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే రాంబిల్లి ఒకటి. మన బూస్టు డబ్బు ప్రపంచం చుట్టి పెట్టుబడి అవతారమెత్తి వస్తుంటే, రాయితీల హారతి పట్టి ఆహ్వానిస్తున్నాం.

నర్సీపట్నం వర్తకులకు ఒక్క విజ్ఞప్తి. పండగ రద్దీ లేని నెలలో రెండు వారాలు బూస్టు ఆపండి, రోజువారీ బిల్లుల లెక్క రాసుకోండి. తరవాత రెండు వారాలు పెట్టి చూడండి. తేడా కనిపిస్తే డబ్బు సుఖంగా కట్టండి. కనిపించకపోతే ఆ సొమ్ము గుమాస్తాల జీతాల్లో కలపండి.