నాకు చప్పుడు లేదు

నేను కరెంటు స్కూటర్ని. చెన్నైలో ఓడెక్కి హాడో రేవులో దిగాను. అప్పటి నుంచి జంగ్లీఘాట్‌లో ఒక శ్రీకాకుళం వాళ్ల వరండాయే నా చోటు. ఇంటాయన చేపల పడవ మీద పోతాడు. ఇంటామెకి అబర్డీన్ బజార్లో బట్టల కొట్లో పని. ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు, ఒక ముసలమ్మ. ఊరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ ముసలమ్మకి ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే.

వచ్చిన రోజే ముసలమ్మ నా బ్యాటరీని అనుమానంగా చూసింది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒకరు ఇంట్లో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ సంగతి ఆమె టీవీలో చూసింది. "గుంటలు తొంగున్న గదిలో దాన్నెట్టకమ్మీ" అని కోడలికి గట్టిగా చెప్పేసింది. ఆ భయం న్యాయమైనదే. పైగా ఈ సముద్రగాలికి ప్లగ్గు పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది, పిన్ను బిగువుగా కూర్చోని చోట వేడి పుడుతుంది. అందుకే నా బ్యాటరీ వరండాలో, గుమ్మానికి దూరంగా, అందరూ మెలకువగా ఉన్న వేళలోనే ఛార్జింగుకి కూర్చుంటుంది.

కానీ పిల్లల విషయంలో నేను ఎక్కువ భయపడేది మంటకి కాదు, నా మౌనానికి.

పెట్రోలు బండి ఆగి ఉన్నా గుడగుడమంటూనే ఉంటుంది. నేను తాళం తిప్పి ఉన్నా, తీసేసి ఉన్నా ఒకేలా ఉంటాను. హ్యాండిల్ తిప్పిన క్షణానే మోటారు బలమంతా చక్రానికి అందుతుంది. తిప్పింది అమ్మ చెయ్యో బాబు చెయ్యో నాకు తెలియదు. ఎంత తిప్పారో అంతే తెలుస్తుంది.

ఒక వానాకాలపు పొద్దున బాబు ముందు, కాళ్లు పెట్టుకునే చోట నిలబడ్డాడు. పాప వెనక. కూరల కొట్టు దగ్గర అమ్మ ఒక కాలు దింపి, కుడిచెయ్యి చాచి సంచి అందుకుంది. స్టాండు వేసి ఉంటే నా మోటారుకి కరెంటే అందేది కాదు. వెయ్యలేదు, రెండు నిమిషాల పనే కదా. బాబు ఆ ఖాళీ హ్యాండిల్ పట్టుకుని ముందుకి వాలాడు. నేను దూకాను. నాలుగడుగులు, అంతే. ఎదుట పేర్చిన కొబ్బరికాయల గుట్ట మీద పడ్డాం. పాప మోకాలు చెక్కుకుపోయింది. బాబు పెదవి చీలి, పైపన్ను సగం విరిగింది. కొబ్బరిపీచు మీద రక్తం వానకి పలచబడుతూ ఉంటే అమ్మ వాణ్ణి ఎత్తుకుని ఏడ్చింది. నా చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ముసలమ్మ నన్ను అమ్మేయమంది. కోడలు చాలాసేపు మాట్లాడలేదు. అమ్మేస్తే ఏం చెయ్యాలి? ఏడాదికి మూడు మీటర్ల వాన కురిసే ఊరు, అంతా ఎత్తుపల్లాల రోడ్లు. ఆటోలో కుక్కిన పిల్లల మధ్య వీళ్లనీ కుక్కాలా, గొడుగు పట్టి రోడ్డువారన నడిపించాలా? నా మీద ప్రమాదం ఉందని ఆమె ఒప్పుకుంది. తగ్గించుకోగలిగినదెంతో లెక్కేసుకుంది.

నాతో పాటు వీధిలో ఇంకో చిన్న కరెంటు బండి ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు. చట్టం లెక్కలో అది మోటారు వాహనమే కాదు, నంబరు ప్లేటు లేదు, లైసెన్సు అక్కర్లేదు. దాని మీద పిల్లలు హెల్మెట్ లేకుండానే పోతుంటే నాకు గుండె జారుతుంది. సిమెంటు రోడ్డుకి ఆ లెక్కలు తెలియవు.

నాకైతే నిబంధన ఉంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. 9 నెలలు దాటి 4 ఏళ్ల లోపు పిల్లలకి తలకి సరిపోయే హెల్మెట్, 30 కిలోలు ఆపగల రక్షణ పట్టీ, గంటకి 40 కిలోమీటర్లు మించని వేగం. నలభై అంటే సెకనుకి పదకొండు మీటర్లు. తడిసిన దిగుడులో అదీ ఎక్కువే. పొద్దున్నే బ్యాటరీ నిండుగా ఉంటే మోటారు వెనక్కి పట్టే పట్టు తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అమ్మ ఇప్పుడు ఇరవై దాటనివ్వదు.

పట్టీని బాబుకి చొక్కాలా తొడిగి, దాని పట్టాలు తన భుజాలకి తగిలించుకుంటుంది. నేను పడితే పట్టీ ఆపలేదు. కునుకు పట్టిన బిడ్డ పక్కకి జారిపోకుండా మాత్రం ఆపుతుంది. వెనక ఒక్కరే కూర్చోవాలి కాబట్టి పాపని ముసలమ్మ బస్సెక్కిస్తుంది. బాబుకి ముందు నిలబడే రోజులు పోయాయి. వాడు వారం రోజులు అలిగాడు.

అందుకే సాయంత్రం ఇల్లు చేరాక స్టాండు వేసి, తాళం తీసి కొంగున ముడేసుకుని, అమ్మ వాణ్ణి నా సీటు మీద కూర్చోబెడుతుంది. విరిగిన పన్ను కనబడేలా నవ్వుతూ హ్యాండిల్ చివరిదాకా మెలితిప్పి, నాకు లేని చప్పుడు వాడే నోటితో చేస్తాడు. బుర్ర్ర్ మంటూ, వరండా అంతా వినబడేలా.