బొంబాయి రవ్వలో నెపోలియన్

మా తోడల్లుడి సైన్యంలో మొన్న ఆదివారం నాటికి 4,200 మంది ఉన్నారు. వాళ్లలో ఒంటిమీద రంగు పడ్డవాళ్లు 318. మిగతావాళ్లంతా పుట్టినప్పటి బూడిదరంగు ప్లాస్టిక్‌తో, బొడ్డుతాడు ఇంకా తెగకుండా, అట్టపెట్టెల్లో పడుకుని ఉన్నారు. ఆ పెట్టెలు మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, ఆఖరికి వదిన పట్టుచీరల బీరువా మీద కూడా మోహరించాయి. మన్యం పితూరీ తర్వాత నర్సీపట్నంలో ఇంత సైన్యం దిగడం ఇదే మొదలనుకుంటాను.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. ఆ కుర్రాడు ఇదివరకు వచ్చినప్పుడల్లా చాక్లెట్లు తెచ్చేవాడు. ఇప్పుడు నెపోలియన్ సైనికుల డబ్బాలు తెస్తున్నాడు. డబ్బాకి నలభై మందో యాభై మందో ఉంటారు, ఒక్కొక్కడు అంగుళం లోపే. వాళ్లని సబ్బునీళ్లలో కడగాలి, వంగిన తుపాకుల్ని వేణ్నీళ్లలో ముంచి నిటారు చెయ్యాలి, ప్రైమరు కొట్టాలి, మూడు వెంట్రుకల కుంచెతో గుండీలు దిద్దాలి. సొంత మనవడికి కూడా ఆయన ఇంత శ్రద్ధగా స్నానం చేయించలేదని వదిన అంటుంది.

"బొమ్మలు" అంటే ఆయనకి కోపం. మినియేచర్లు అనాలి. "ఆడుకుంటున్నారా?" అంటే ఇంకా కోపం. "ఇది ఆట కాదు తమ్ముడూ, చరిత్ర అధ్యయనం" అంటాడు. పేకాడేవాళ్లు తాము సంభావ్యతా సిద్ధాంతం అధ్యయనం చేస్తున్నామని ఏనాడూ చెప్పుకోలేదు. ఆ మాత్రం నిజాయితీ వాళ్లకుంది.

సరే, అధ్యయనమే అనుకుందాం. లెక్క నాకూ వచ్చు. వాటర్లూ రోజున, 1815 జూన్ 18న, నెపోలియన్ వెంట ఉన్నది సుమారు 73,000 మంది. బొమ్మకి రంగు వెయ్యడానికి గంట. రోజూ రెండు గంటలు కూర్చుంటే 36,500 రోజులు. అంటే సరిగ్గా వందేళ్లు, లీపు సంవత్సరాల్లో ఒకరోజు సెలవు. గుర్రాలు, ఫిరంగులు ఇందులో లేవు. ఒక్క పూటలో ఓడిపోయిన యుద్ధానికి ముస్తాబు మాత్రం వందేళ్లు. ఆయనకిప్పుడు అరవై నాలుగు.

ఈ లెక్క చెబితే ఆయన నవ్వాడు. "ఒక్కో బొమ్మ ఇరవై మందికి ప్రతినిధి" అన్నాడు, మన ఎమ్మెల్యేలాగ. అలాగైతే 3,650 బొమ్మలతో ఫ్రెంచి పక్షం పూర్తవ్వాలి, మీ దగ్గర 4,200 ఉన్నారు కదా అన్నాను. "వాళ్లలో ఆస్ట్రియావాళ్లూ ఉన్నారు తమ్ముడూ, ఆస్టర్‌లిట్జ్ కోసం" అన్నాడు. ఈ వ్యసనం గుట్టంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ఒక యుద్ధం పూర్తయ్యే లోపల ఇంకో యుద్ధానికి డబ్బా వస్తుంది. ఏ రెజిమెంటు చూసినా ఒక్క డబ్బా దూరంలోనే ఆగి ఉంటుంది.

పైగా పాత గార్డు దళం, అంటే నెపోలియన్ ప్రాణానికి ప్రాణమైన గ్రెనేడియర్లు, ఏ డబ్బాలో వచ్చారో తెలుసా? జ్వెజ్దా అని, మాస్కో పక్కన లోబ్న్యలో ఉన్న కంపెనీ డబ్బాలో. 1812లో వాళ్లని మంచులో కడతేర్చిన దేశమే ఇప్పుడు అచ్చుపోసి ఎగుమతి చేస్తోంది. పగ తీర్చుకోవడం అంటే ఇదీ.

ఈ జబ్బుకి ఆదిపురుషుడు విలియం సైబోర్న్ అనే ఇంగ్లీషు కెప్టెను. 1830లో వాటర్లూ నమూనా కట్టే పని అతనికి అప్పగించారు. ఆ యుద్ధభూమిలోని రైతు ఇంట్లో నెలల తరబడి మకాం వేసి మిట్టలు, పల్లాలు కొలిచాడు. బతికున్న ఆఫీసర్లందరికీ ఉత్తరాలు రాశాడు. 1838లో 70 వేలకు పైగా లోహపు బొమ్మలతో నమూనాని లండన్‌లో ప్రదర్శనకి పెట్టాడు. జనం విరగబడి చూశారు గానీ, కెప్టెనుకి మిగిలింది అప్పు. సాయానికొచ్చిన ప్రష్యా సైన్యం అంత దట్టంగా కనిపిస్తే గెలుపు తనది కాదనుకుంటారని ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ దొరకి గుర్రు. చివరికి సైబోర్న్ ప్రష్యావాళ్లని వేలల్లో పీకేశాడు. చరిత్ర అధ్యయనం జిగురు తడి ఆరకముందే అలా తేలింది. ఆ నమూనా ఇప్పటికీ లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. మా తోడల్లుడి ఇంట్లో దేవుడి పటం పక్కన దాని ఫొటో ఉంది.

హెచ్.జి.వెల్స్ కూడా ఈ కోవలోవాడే. నిజం యుద్ధాల కంటే నేలమీద బొమ్మల యుద్ధాలే మేలని 1913లో పుస్తకమే రాశాడు. మరుసటి ఏడాది ఏం జరిగిందో లోకానికి తెలుసు.

ఇక రవ్వ సంగతి. పోయిన మార్గశిరంలో ఆయనకి మాస్కో నుంచి తిరుగుముఖం పట్టిన సైన్యాన్ని కట్టాలని బుద్ధి పుట్టింది. ప్లైవుడ్ చెక్క మీద ఫెవికాల్ పూసి, పైన కిలో బొంబాయి రవ్వ చల్లాడు. అదే మంచు. అందులో కుంటుతూ, కర్రలూతంగా, తలకి గుడ్డలు చుట్టుకుని అరవై మంది సైనికులు. చెక్కని కారులో పెట్టుకుని లంబసింగి తీసుకెళ్లి, తెల్లవారుజామున నిజమైన పొగమంచులో ఫొటోలు తియ్యాలని పథకం. రాత్రి హాల్లో ఆరబెట్టి పడుకున్నాడు. పొద్దున్న చూస్తే కిటికీ చువ్వ దగ్గర్నుంచి గోడవారగా టేబుల్ కాలు మీదుగా ఎర్రచీమల బారు. ఒక్కో చీమ ఒక్కో మంచుపలుకు నోట కరుచుకుని పోతోంది. రష్యా సగం కరిగిపోయింది, ఒక గుర్రం మోకాళ్ల వరకు బయటపడింది.

వేరేవాడైతే నెత్తి కొట్టుకునేవాడు. ఈయన భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. "చూడు తమ్ముడూ, రష్యావాళ్ల కొసాక్కు రౌతులు కూడా అచ్చం ఇలాగే పక్కల్నుంచి పడ్డారు!" అని మురిసిపోయాడు. ఈలోగా వదిన చీమలమందు సుద్ద పట్టుకొచ్చి మాస్కో చుట్టూ లక్ష్మణరేఖ గీసేసింది. "ఏటండీ ఇది, మిగిలింది జల్లించుకుంటే ఉప్మాకైనా వస్తాది కదా" అంది. ఫెవికాల్ కలిసిందని ఆయన చెప్పాల్సొచ్చింది. లంబసింగి యాత్ర రద్దయింది.

అప్పుడు నాకు నోరు ఊరుకోలేదు. "అన్నయ్యా, 1812లో ఐదారు లక్షల మందిని తోలుకెళితే వాళ్లని చంపింది చలి ఒక్కటే కాదు. 2001లో ఆ తిరుగుదారిలోని విల్నియస్‌లో బుల్డోజరు తవ్వితే మూడు వేలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆ మట్టిలో దొరికిన పేలని పరీక్షిస్తే ట్రెంచ్ ఫీవరు క్రిమి, సైనికుల పళ్లని పరీక్షిస్తే టైఫస్ క్రిమి బయటపడ్డాయి. మీ డబ్బాలో పేలు ఏవీ? విరేచనాలతో బండికింద పడుకున్నవాడు ఏడీ? చరిత్ర అన్నారు కదా!" అన్నాను. గెలిచాననుకున్నాను. ఆయన కుంచె తుడుచుకుంటూ, "ఆ ఎముకలు నెపోలియన్ సైన్యానివని ఎలా పోల్చుకున్నారో తెలుసా? గుండీల మీది రెజిమెంటు నంబర్లు చూసి" అన్నాడు. మళ్లీ గుండీ దిద్దుకోవడంలో పడ్డాడు. నేను టీ తాగేసి వచ్చేశాను.

వారం తర్వాత కొత్త అస్త్రంతో వెళ్లాను. ఫ్రెంచివాళ్లతో మనకేం సంబంధం అన్నాను. బుస్సీ బొబ్బిలికి వచ్చాడు కదా అన్నాడు. బుస్సీ పుదుచ్చేరిలో పోయేనాటికి నెపోలియన్‌కి పదిహేనేళ్లు, అప్పటికింకా బడిపిల్లాడు అన్నాను. "పోనీ, మన నేలమీద జరిగిన అల్లూరి సీతారామరాజు పోరాటమే కట్టండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు కూలిపోయారు. వాళ్ల సమాధులు మన ఊళ్లోనే ఉన్నాయి" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. రెండు రోజులు కాగితాల మీద ఏవో గీశాడు. మూడోరోజు మొహం వేలాడేసుకుని ఫోను చేశాడు. "కుదర్దు తమ్ముడూ. యూనిఫాం లేదు." ఆయన బాధ నాకు అర్థమైంది. గోచీకి గుండీలుండవు. అల్లూరి మనుషులు వరసలో నిలబడరు. వరసలో నిలబడితే ఆ పోరాటం రెండేళ్లు సాగేదే కాదు. పొదల్లో దాక్కుని, లోయలోకి పోలీసులొచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లని ఏ కంపెనీ అచ్చుపోస్తుంది? కనబడకపోవడమే యుద్ధనీతి అయిన సైన్యాన్ని డబ్బా మీద బొమ్మవేసి ఎలా అమ్ముతారు? డైనింగ్ టేబుల్ చదునుగా ఉంటుంది, ఘాటీ చదునుగా ఉండదు. నెపోలియన్ మీద ఈ లోకానికి ఇంత మోజు ఎందుకంటే, ఆ కాలంలో చావడానికి కూడా ఇస్త్రీ బట్టలేసుకుని, వరసల్లో, పగటిపూట, మైదానంలో వచ్చేవాళ్లు. టేబుల్ కోసమే పుట్టిన యుద్ధాలవి.

ఇదంతా ఆయనకి వినిపించాను. అంతా విని ఒకటే అడిగాడు. "ఆ దొరల సమాధుల దగ్గరికి నువ్వెప్పుడైనా వెళ్లావా?" ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. అబీద్ సెంటర్లో రోజూ టీ తాగుతాను. వెళ్లలేదు.

సంక్రాంతికి వదిన బొమ్మలకొలువు పెట్టింది. తొమ్మిది మెట్లు. పైన దేవుళ్లు, ఆ కింద ఏటికొప్పాక లక్క పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, బిందెలు, ఎడ్లబండి. అంకుడు కర్ర తరిణిలో తిరిగి గుండ్రంగా వచ్చిన ఆ బొమ్మల్లో ఎక్కడా పదునన్నది ఉండదు. కింది రెండు మెట్లకి బొమ్మలు చాల్లేదు. మావాడు అనకాపల్లి వెళ్లిన సమయం చూసి, వదిన రంగు పడ్డ 318 మందినీ తెచ్చి పేర్చేసింది. సాయంత్రం పేరంటానికొచ్చిన ఆవిడొకరు వంగి చూసి, "అక్కా, ఈ నీలం కోట్ల పెళ్లి బ్యాండోళ్లు ఎంత బాగున్నారో!" అన్నారు. అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు మా తోడల్లుడు. పెళ్లిజంట ముందు ఎర్ర కుచ్చులు, ఎత్తు టోపీలు, డోళ్లతో వరసలు కట్టి ఉంది ఆయన పాత గార్డు. యూరప్‌ని గడగడలాడించినవాళ్లు ఏటికొప్పాక వారి ఊరేగింపుకి బ్యాండు మేళమైపోయారు. ఆవిడ మాటకి బదులు చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు.

పేరంటాళ్లు శనగలు తీసుకుని వెళ్లాక లెక్కపెట్టాడు. 317. డోలు వాయించే కుర్రాడొకడు తక్కువ.

మర్నాడు పక్కింట్లో దొరికాడు. ఆ ఇంటి గుంటడు మంచం కింద బోర్లా పడుకుని, తీర్థంలో కొన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ సోల్జర్ల మీదికి వాణ్ని తోలుతున్నాడు. డోలుకి అడ్డంగా దారంతో అగ్గిపుల్ల కట్టి ఉంది. మా తోడల్లుడు మోకాళ్ల మీద వంగాడు.

"బాబూ, వాడు డోలు కొట్టేవాడమ్మా. వాడు తుపాకీ పట్టకూడదు."

"మా దాంట్లో అందరూ కాలుస్తారు తాతా. నువ్వటు జరుగు."