బట్టతల మహావాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “బట్టతలపై 3 నెలల్లో జుట్టు మొలిపించబడును. ఫలితం గ్యారంటీ.”

అవతారిక: పార్వతీపురం ఆర్టీసీ కాంప్లెక్స్ పక్క గోడకు మైదా జిగురుతో అంటించిన వాక్యమిది. కర్త పేరు లేదు, ఫోన్ నంబరుంది. అందుచేత అపౌరుషేయమనుకోవాలి. మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ టీకాకారుడు మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. ఇక్కడ తగువంతా మూలం గురించే గనుక నాదీ ఆయన దారే.

టీక: బట్టతలపై = నున్నని నెత్తిమీద. కుదుళ్లు మాయమయ్యాయని కాదు. వంశపారంపర్యపు బట్టతలలో డీహెచ్‌టీ అనే హార్మోను ధాటికి అవి చిక్కిపోయి నూగే మొలిపిస్తాయి. తిరుమల గుండు మీద మళ్లీ జుట్టొస్తోందంటే మంగలి కత్తి కుదురుదాకా దిగదు గనుకే.

3 నెలల్లో = ఇందులోనే కిటుకుంది. మన్యం జ్వరం తగ్గాకో కాన్పు తర్వాతో రాలిన జుట్టు కొన్ని నెలలకు దానంతటదే వస్తుంది. పేరు నూనె సీసాకు పోతుంది.

మొలిపించబడును = కర్మణి ప్రయోగం. మొలిపించేదెవరో చెప్పలేదు. రేపు నిలదీద్దామంటే మనిషి దొరకడు.

గ్యారంటీ = అతిశయోక్త్యలంకారం.

తాత్పర్యం: సొమ్ము ముందుగా ఇవ్వవలెను.

విశేషాలు: కుదురు అడుగున పాపిల్లా అనే కణాల ముద్ద ఉంటుంది. పైచర్మాన్ని వెంట్రుకగా మారమని పురమాయించేది అదే. ఆ కణాలను గాజుపళ్లెంలో పరిచి పెంచితే సంఖ్య పెరుగుతుంది గాని చేసే పని మరిచిపోతాయి. 2013లో కొలంబియా, డర్హమ్ విశ్వవిద్యాలయాలవారు వాటిని వేలాడే బొట్లలో ఉండలు కట్టించారు. ఎలుకలకు అతికించిన మనిషి చర్మంలో ఆ ఉండల్ని పెడితే, ఏడుగురు దాతల్లో ఐదుగురి కణాలు వెంట్రుకలు మొలిపించాయి. మన పార్వతీపురం మన్యం జిల్లా పుట్టిన 2022లోనే జపాన్‌లో యోకోహామా శాస్త్రవేత్తలు ఎలుక పిండపు కణాలతో పళ్లెంలోనే కుదుళ్లు పెంచారు. 23 రోజుల్లో సుమారు 3 మిల్లీమీటర్ల వెంట్రుక వచ్చింది. ఇంతటి పని చేసినవారు కూడా ఏ గోడకీ పోస్టరు అంటించలేదు.

ఆక్షేపణ: హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి మూలకణాలు పెంచి కంటిపొర బాగుచేస్తున్నారే, జుట్టుకేం రోగం?

సమాధానం: కంటిపైది పల్చటి పొర. పెంచి పరిస్తే అతుక్కుంటుంది. కుదురు అలా కాదు. రెండు రకాల కణాలు ఒకదానితో ఒకటి సంప్రదించుకుంటూ కట్టుకోవాలి, పెరిగి, ఆగి, రాలి, మళ్లీ మొలవాలి, ఏటవాలు కూడా కుదరాలి. లేకపోతే నెత్తిమీద పందికొక్కు తిరిగినట్టుంటుంది.

ఉత్తర పక్షం: మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. వాడినవారికి ఒంటినిండా రోమాలు రావడంతో నెత్తికి పూసే మందైంది. చిక్కిన కుదురును కొంత లేపుతుంది, లేనిదాన్ని పుట్టించలేదు. మానేస్తే వచ్చిందీ పోతుంది. కాబట్టి చదువరులారా, జుట్టు రాలితే ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. పోస్టరు నంబరుకు మాత్రం అడ్వాన్సు ఫోన్‌పే చెయ్యకండి.